నీళ్లలో ఒక గంట: పగడపు దిబ్బను గమనించడం ఎలా

కొత్తవాళ్లకు స్నార్కెలింగ్ (మాస్క్, ఊపిరి గొట్టంతో నీటి మీద తేలుతూ కిందికి చూడటం) నేర్పించి పగడపు దిబ్బల మీదికి తీసుకెళ్లడం నా పని. నీళ్లలోంచి పైకొచ్చాక అందరి నోటా ఒకటే మాట, "అబ్బ, ఎంత బాగుందో!" అని. ఏం చూశారని అడిగితే రంగులు, చేపలు అంటారు. ఆ దిబ్బ ఆరోగ్యంగా ఉందా, జబ్బు పడిందా, ఎప్పుడో దెబ్బతిని ఇప్పుడిప్పుడే కోలుకుంటోందా అంటే మాత్రం చెప్పలేరు. చెప్పడానికి మెరైన్ బయాలజీ డిగ్రీ ఏమీ అక్కర్లేదు. ఎక్కడ చూడాలో, ఎంతసేపు ఆగి చూడాలో తెలిస్తే చాలు. దిబ్బలు ఇప్పుడు ఎంత వేగంగా మారిపోతున్నాయంటే, శాస్త్రవేత్తలు మాత్రమే తిరిగి చూసుకోవాలంటే కుదిరే పని కాదు. అందుకే నాతో నీళ్లలోకి దిగేవాళ్లకు చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను.

దిగే ముందు తెలియాల్సింది

పగడం జంతువు. జెల్లీఫిష్‌కి, సీ అనెమొనీకి దగ్గరి చుట్టం. మీకు ఒక్క పగడంలా కనిపించేది చాలాసార్లు వేలకొద్దీ చిన్న జీవుల కాలనీ. ఆ ఒక్కో జీవిని పాలిప్ అంటారు. చాలా జాతుల్లో దాని సైజు కొన్ని మిల్లీమీటర్లే. ఒక నోరు, దాని చుట్టూ మీసాల్లాంటి సన్నటి టెంటకిల్స్, కింద తాను కట్టుకున్న సున్నపు గూడు. పాత గూళ్ల మీద కొత్త గూళ్లు కట్టుకుంటూ పోతే అదే దిబ్బ అవుతుంది. పోరైటిస్ లాంటి గుండు పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. మనిషి ఎత్తు గుండు ఒకటి కనిపించిందంటే దాని వయసు వందేళ్లు ఎప్పుడో దాటిందన్నమాట. కొమ్మల పగడాలు తొందరగా పెరుగుతాయి, ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా, కొన్నయితే ఇంకా ఎక్కువ.

పాలిప్ ఒళ్లు దాదాపు కిటికీ అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. దాని కణాల్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు, ఉంటాయి. అవి ఎండను పట్టుకుని ఆహారం తయారుచేసి, పగడానికి కావాల్సిన శక్తిలో 90 శాతం దాకా ఇస్తాయి. బదులుగా వాటికి నీడ దొరుకుతుంది, పగడం వదిలే వ్యర్థాల్లోంచి నైట్రోజన్ దొరుకుతుంది. మనకు కనిపించే గోధుమ, ఆకుపచ్చ ఛాయలు చాలావరకు ఆ శైవలాలవే. ఈ సంగతి బుర్రలో పెట్టుకోండి. దిబ్బ లోతు తక్కువ నీళ్లలోనే ఎందుకు ఉంటుంది, నీళ్లు మురికిగా మారితే ఎందుకు చిక్కిపోతుంది, వేడెక్కితే ఎందుకు తెల్లబడుతుంది అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఇందులోనే ఉంది.

పడవలో ఉండగానే దూరంగా చూడండి. అలలు విరిగి తెల్లటి నురగ గీత కనిపించేది దిబ్బ శిఖరం దగ్గర. దాని లోపలి వైపు నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. మీరు హాయిగా తేలేది అక్కడే. 2014లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం దిబ్బలు అలల శక్తిలో సగటున 97 శాతాన్ని మింగేస్తాయి. తుఫాను రోజున తీరంలో ఉన్న ఇళ్లకు ఆ గీత ఎంత అండో ఆలోచించండి. సముద్రపు అడుగులో ఒక్క శాతం కూడా లేని ఈ దిబ్బల మీద, సముద్రంలోని జాతుల్లో దాదాపు నాలుగో వంతు జీవితంలో ఏదో ఒక దశలో ఆధారపడతాయి. చేప గుడ్డు పెట్టడానికో, పిల్ల దాక్కోవడానికో, పెద్దది వేటకో ఇక్కడికే వస్తుంది.

ముందు ఒళ్లు అదుపులో ఉండాలి

ఈ విషయంలో నేను చాలా స్ట్రిక్ట్. ఇసుక మీద, పగడాలు లేని చోట, మాస్క్‌లోకి నీళ్లొస్తే ఎలా తీసేయాలో, వెల్లకిలా తిరిగి ఎలా సర్దుకోవాలో నేర్చుకున్నాకే దిబ్బ వైపు రావాలి. ఎందుకంటే మాస్క్‌లో నీళ్లు రాగానే మనిషికి టెన్షన్ వస్తుంది, టెన్షన్ వస్తే కాళ్లు కిందికి దిగుతాయి, దిగిన కాలు పగడం మీద పడుతుంది. చేతులకంటే కాళ్లకు తొడుక్కునే ఫిన్స్ వల్లే ఎక్కువ విరుగుతాయి, పైగా వెనక ఏం విరిగిందో తన్నినవాళ్లకు తెలియదు. ఒళ్లు బల్లపరుపుగా ఉంచి, తుంటి దగ్గర నుంచి నెమ్మదిగా కాళ్లు ఆడించండి. కింద లోతు మీ నిలువెత్తు కంటే తగ్గుతోందనిపిస్తే వెనక్కి తిరగండి. దేన్నీ ముట్టుకోవద్దు. పగడం పైన పల్చటి జిగురు పొర ఉంటుంది, సూక్ష్మక్రిముల నుంచి దానికి అదే కాపలా. వేలితో రుద్దితే ఆ పొర పోతుంది.

సన్‌స్క్రీన్ గురించి అందరూ అడుగుతారు. ఆక్సీబెంజోన్ లాంటి రసాయనాలున్న క్రీములను పలావు దేశం 2020 నుంచి, హవాయి 2021 నుంచి నిషేధించాయి. వేడి చేసే నష్టంతో పోలిస్తే క్రీముల నష్టం చిన్నదే. అయినా పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే వీపుకి క్రీము అవసరమే ఉండదు కదా, అదే మేలు.

పడవవాళ్లను ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: లంగరు వేస్తారా, బోయాకి (పడవ కట్టడానికి నీళ్ల మీద తేలుతూ ఉండే గుర్తుకి) కడతారా? లంగరు ఒక్కసారి పడితే, దాని గొలుసు గాలికి అటూ ఇటూ ఊడిస్తే, దశాబ్దాల పెరుగుదల కాసేపట్లో ముక్కలవుతుంది. బోయాకి కట్టే పడవ దొరికితే దాన్నే ఎంచుకోండి, ఎందుకు ఎంచుకున్నారో వాళ్లకు చెప్పండి కూడా.

మొదటి పది నిమిషాలు ఎక్కడికీ వెళ్లొద్దు

ఒకే చోట తేలుతూ ఉండండి. ముందు చెవులకు పని చెప్పండి. బాగున్న దిబ్బ మీద వేడి నూనెలో ఆవాలు వేసినట్టు ఆగకుండా చిటపటలు వినిపిస్తాయి. స్నాపింగ్ ష్రింప్ అనే చిన్న రొయ్యలు తమ కొండిని టక్కున మూసినప్పుడు వచ్చే శబ్దం అది. మధ్యమధ్యలో చేపల గురగురలు, కటకటలు. దెబ్బతిన్న దిబ్బ మీద ఈ సందడి తగ్గిపోతుంది. చేప పిల్లలు ఇల్లు వెతుక్కునేది కొంతవరకు ఈ శబ్దాన్ని బట్టే. 2019లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, గ్రేట్ బారియర్ రీఫ్‌లో చచ్చిన పగడాల కుప్పల దగ్గర స్పీకర్లు పెట్టి మంచి దిబ్బ శబ్దాలు వినిపిస్తే, శబ్దం లేని కుప్పలతో పోలిస్తే రెట్టింపు చేపలు వచ్చి చేరాయి.

చెవి అలవాటు పడ్డాక క్లీనింగ్ స్టేషన్ కోసం, అంటే చేపలు ఒంటి మీది పరాన్నజీవులను ఏరించుకునే చోటు కోసం వెతకండి. చాలాసార్లు అది కొంచెం ఎత్తుగా, విడిగా కనిపించే పగడం దగ్గర ఉంటుంది. గుర్తు ఏమిటంటే, అక్కడ పెద్ద చేపలు పనేమీ లేనట్టు గాల్లో ఆగినట్టుగా ఆగి ఉంటాయి. ఓ గ్రూపర్ వచ్చి నోరు బార్లా తెరిచి, మొప్పల తలుపులు విప్పి, కదలకుండా నిలబడుతుంది. నీలి ఒంటి మీద నల్ల చార ఉన్న వేలెడంత క్లీనర్ రాస్ చేప ఎగిరెగిరి పడుతూ దాని ముందుకొస్తుంది. పెదవి మీద, కంటి పక్కన ఒక్కో చోట చిన్నగా గిల్లుతుంది. తర్వాత నేరుగా ఆ నోట్లోకే దూరి మొప్పలోంచి బయటికి వస్తుంది. గ్రూపర్ ఒక్క గుటక వేస్తే దాని పని అయిపోయినట్టే, కానీ వేయదు. ఒళ్లు ఒక్కసారి జలదరించినట్టు కదిలించి, 'ఇక చాలు' అన్నట్టు వెళ్లిపోతుంది. వెనకే ఇంకో చేప వరుసలో సిద్ధం. ఒక్క క్లీనర్ చేప రోజుకు సుమారు 1,200 పరాన్నజీవులను ఏరి తింటుందని లెక్కగట్టారు. వీటిని తీసేసిన చోట మిగతా చేపల రకాలు బాగా తగ్గిపోయాయని ఆస్ట్రేలియాలో ప్రయోగం చేసి చూశారు. మీరు చూస్తున్న దిబ్బ మీద ఈ పని సజావుగా జరుగుతుంటే అది మంచి లక్షణం. మీరు దగ్గరికి తోసుకెళ్తే మాత్రం ఆగిపోతుంది, రెండు మూడు మీటర్ల దూరంలోనే ఉండండి.

రంగు, తెలుపు

ఇక అసలు పని. ఆ చోట మామూలుగా వేసవిలో ఉండే గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే నీళ్లు ఒక్క డిగ్రీ సెల్సియస్ ఎక్కువగా కొన్ని వారాల పాటు ఉంటే చాలు, పగడంలోని శైవలాల పని గతి తప్పి విషపూరితమైన ఆక్సిజన్ రూపాలు తయారవుతాయి. పగడం ఆ శైవలాలను బయటికి గెంటేస్తుంది. అద్దంలాంటి ఒంట్లోంచి తెల్లటి అస్థిపంజరం కనిపిస్తుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు. తెల్లబడిన పగడం ఇంకా బతికే ఉంటుంది, ఆకలితో ఉంటుంది. వేడి త్వరగా తగ్గితే శైవలాలు మళ్లీ చేరి కోలుకోగలదు. తగ్గకపోతే వారాల్లోనో నెలల్లోనో చనిపోతుంది.

తెల్లగా కనిపించిందల్లా బ్లీచింగ్ కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. కొమ్మల పగడం చివర్లు మాత్రమే తెల్లగా ఉంటే అది కొత్తగా పెరుగుతున్న భాగం, ఇంకా శైవలాలు నిండలేదంతే, సంతోషించండి. గుండు పగడం మీద జంటజంటగా చిన్న గీతలుంటే పారట్ ఫిష్ పంటి గాట్లు, భయం లేదు. కాలనీ మొత్తం, ముఖ్యంగా ఎండ తగిలే పై భాగం, ఒకే తీరుగా పాలిపోయి ఉంటే బ్లీచింగ్‌ని అనుమానించండి. ఊపిరి బిగబట్టి కొంచెం కిందికి వెళ్లి చూస్తే పైన సన్నటి గాజు పొరలాంటి కణజాలం ఇంకా ఉందని తెలుస్తుంది. గూళ్ల అంచులు పదునుగా, శుభ్రంగా కనిపిస్తూ పైన ఏ పొరా లేకపోతే అది చచ్చి ఎక్కువ రోజులు కాలేదు. ఇంకొన్నాళ్లకు దాని మీద ఆకుపచ్చ, గోధుమ నూగు పడుతుంది.

తెల్లటి మచ్చకీ బతికున్న భాగానికీ మధ్య గీత గీసినట్టు స్పష్టమైన అంచు ఉంటే పక్కనున్న సందుల్లోకి, అరుగుల కిందికి చూడండి. ముళ్లకిరీటం నక్షత్ర చేప దాక్కుని ఉండొచ్చు. పళ్లెమంత వెడల్పు, ఇరవై దాకా చేతులు, ఒళ్లంతా విషపు ముళ్లు. తన కడుపునే నోట్లోంచి బయటికి తెచ్చి పగడం మీద పరిచి అక్కడికక్కడే జీర్ణం చేసుకుంటుంది. ఒకటీ అరా ఉంటే సహజమే. గుంపుగా కనిపిస్తే వెంటనే స్థానిక మెరైన్ పార్కువాళ్లకు చెప్పాలి, మీరు మాత్రం ముట్టుకోకూడదు. అంచు పట్టీలా ఉండి, ఒక పక్క బతికిన పగడం, మరో పక్క నాచు పట్టిన అస్థిపంజరం ఉండి, నక్షత్ర చేప ఎక్కడా లేకపోతే అది జబ్బు కావొచ్చు. 2014లో ఫ్లోరిడా తీరంలో మొదట కనిపించిన స్టోనీ కోరల్ టిష్యూ లాస్ అనే జబ్బు కరీబియన్ అంతటా పాకి, వందల ఏళ్ల పగడాలను కూడా చంపింది. ఇంకో చిక్కు కూడా ఉంది. వేడికి కొన్ని పగడాలు తెల్లబడే ముందు మెరిసే ఊదా, నీలం, పసుపు రంగుల్లోకి మారతాయి. ఫొటోలో అద్భుతంగా ఉంటాయి. అది ఎండ నుంచి తనను తాను కాపాడుకోవడానికి పగడం చేసే ఆఖరి ప్రయత్నం. చూసి మురిసిపోకుండా రాసుకోండి.

కంటి అంచనా మీద ఆధారపడకుండా ఉండటానికి ఒక మంచి సాధనముంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన కోరల్‌వాచ్ వాళ్ల రంగుల కార్డు. ప్లాస్టిక్ కార్డు అంచుల్లో నాలుగు ఛాయలు, ఒక్కో ఛాయలో 1 నుంచి 6 దాకా మెట్లు ఉంటాయి. 1 అంటే దాదాపు తెలుపు, 6 అంటే చిక్కటి రంగు. పగడాన్ని తాకకుండా కార్డు దగ్గర పెట్టి, పెరిగే కొనలు వదిలేసి, అన్నిటికంటే లేతగా ఉన్న చోటుకి ఏ మెట్టు సరిపోతుందో చూడాలి. తర్వాత అన్నిటికంటే ముదురుగా ఉన్న చోటు. ఆ రెండు అంకెలూ, పగడం రకమూ రాసుకోవాలి. రకమంటే కొమ్మలదా, గుండా, పళ్లెంలాంటిదా, మెత్తటిదా అన్నంతవరకు చాలు, జాతి పేరు తెలియక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్నవి ఎక్కువగా 3 నుంచి 6 మధ్యలో వస్తాయి. లోతుకి వెళ్లేకొద్దీ ఎరుపు మాయమై అన్నీ నీలంగా కనిపిస్తాయి కాబట్టి ఫొటో తీసి ఇంటికొచ్చాక రంగు పోల్చుకోవడం పనికిరాదు. కార్డు పక్కనే పెట్టి నీళ్లలోనే పోల్చాలి.

ఎవరు తింటున్నారు, ఎవరు లేరు

చేపల్ని లెక్కపెట్టడం కొత్తవాళ్లకు కష్టం. రెండు రకాలు చాలు. ఒకటి బటర్‌ఫ్లై ఫిష్. పళ్లెంలా చదునుగా, పసుపు తెలుపు రంగుల్లో, చాలావరకు జంటగా తిరుగుతాయి. వీటిలో కొన్ని జాతులకు పగడపు పాలిప్సే తిండి. పగడం పోతే అవీ పోతాయి. రెండోది పారట్ ఫిష్. నీళ్లలో కరకరమని కొరికే శబ్దం వినిపిస్తే తల తిప్పి చూడండి. చిలక ముక్కులాంటి పళ్లతో రాతి మీది నాచుని గీకి తింటూ ఉంటుంది, కాసేపటికి వెనక నుంచి తెల్లటి ఇసుక వదులుతుంది. పెద్ద చేప ఏడాదికి వందల కిలోల ఇసుక చేయగలదు. మనం కాళ్లు పెట్టే తెల్లటి ఇసుక తీరాల్లో కొన్ని చాలావరకు వీటి పుణ్యమే.

నాచు తినేవాళ్లు లేకపోతే ఏమవుతుందో కరీబియన్ చూపించింది. 1983-84లో అక్కడి పొడుగు ముళ్ల సీ అర్చిన్లకు (నాచు తినే, ముళ్ల బంతిలాంటి జీవులు) అంతుచిక్కని జబ్బు సోకి 90 శాతానికి పైగా చనిపోయాయి. నాచు తినే చేపల్ని అప్పటికే చాలాచోట్ల పట్టేశారు. నాచు పగడాల మీదికి పాకి, పిల్ల పగడాలు అతుక్కోవడానికి చోటే లేకుండా చేసింది. బెలీజ్ దేశం 2009లో పారట్ ఫిష్ పట్టడాన్ని నిషేధించడం వెనక ఉన్నది ఈ అనుభవమే. కాబట్టి దిబ్బ మీద మెత్తటి నాచు దుప్పటిలా కప్పేసి, పారట్ ఫిష్ ఒక్కటీ కనిపించకపోతే, 'ఇక్కడ వేట ఎక్కువగా ఉందా? మురుగునీరు ఎక్కడైనా కలుస్తోందా?' అని ఒడ్డుకొచ్చాక అడగాలి. మురుగులోని పోషకాలు నాచుకి ఎరువు. నది తెచ్చే బురద, తీరంలో తవ్వకాల బురద అయితే పగడాల మీద పేరుకుని ఎండ ఆపేస్తుంది. బాంబులతో చేపలు పట్టే చోట్ల గుండ్రటి గుంటల్లో విరిగిన ముక్కలు కుప్పగా కనిపిస్తాయి. కదిలే ముక్కల మీద కొత్త పగడం నిలదొక్కుకోలేదు, అందుకే ఆ గుంటలు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి.

వెళ్లే ముందు వేడి లెక్క చూసుకోండి

అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా నడిపే కోరల్ రీఫ్ వాచ్ ఉపగ్రహాల సాయంతో ప్రపంచంలోని దిబ్బలన్నిటి దగ్గరా వేడి ఎంత పేరుకుందో రోజూ చూపిస్తుంది. దాని కొలత డిగ్రీ హీటింగ్ వీక్స్. గరిష్ఠ వేసవి సగటు కంటే ఒక డిగ్రీ ఎక్కువగా ఒక వారం ఉంటే 1. గత పన్నెండు వారాల లెక్క కలిపితే 4 దాటినచోట బ్లీచింగ్ కనిపిస్తుంది, 8 దాటితే చావులు మొదలవుతాయి. మీరు వెళ్లే చోట ఆ అంకె ఎంతుందో చూసుకుని దిగితే, మీ కంటికి కనిపించేదానికి అర్థం తెలుస్తుంది.

ప్రపంచవ్యాప్త బ్లీచింగ్ మొదట 1998లో, తర్వాత 2010లో, ఆపైన 2014 నుంచి 2017 దాకా వచ్చింది. నాలుగోది నడుస్తోందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. 2025 నాటికి ప్రపంచంలోని దిబ్బల విస్తీర్ణంలో 84 శాతం దాని వేడి బారిన పడింది. గ్రేట్ బారియర్ రీఫ్ ఒక్కదాన్నే చూడండి: 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024, 2025. చకచకా పెరిగే కొమ్మల పగడాలు కూడా మళ్లీ నిండుగా పెరగడానికి పదీ పదిహేనేళ్లు కావాలి. ఒక బ్లీచింగ్‌కీ ఇంకో బ్లీచింగ్‌కీ మధ్య వ్యవధి మాత్రం ఇప్పుడు ఒకటి రెండేళ్లకు పడిపోయింది. నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఇదే. దెబ్బ తగలడం కొత్త కాదు, తుఫాన్లు దిబ్బలకు ఎప్పుడూ ఉన్నవే. కోలుకునే టైమ్ దొరక్కపోవడం కొత్త. భూమి సగటు వేడి 1.5 డిగ్రీలు పెరిగితే ఇప్పుడున్న దిబ్బల్లో 70 నుంచి 90 శాతం, 2 డిగ్రీలు పెరిగితే 99 శాతానికి పైగా పోతాయని వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘమైన ఐపీసీసీ 2018లోనే చెప్పింది. దానికి తోడు మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు పావు వంతు సముద్రం పీల్చుకుని ఆమ్లగుణం పెంచుకుంటోంది. సున్నపు గూడు కట్టుకోవడం పగడానికి కష్టమవుతోంది.

వేట ఆపడం, మురుగు ఆపడం వల్ల ఈ వేడి తగ్గదు. అయినా ఆ పనులు వృథా అనేవాళ్లతో నేను ఒప్పుకోను. మెక్సికోలోని కాబో పుల్మో జాలర్లు తమ నీళ్లలో వేట ఆపించుకుని 1995లో జాతీయ పార్కు తెచ్చుకున్నారు. 1999, 2009 మధ్య అక్కడ చేపల మొత్తం బరువు నాలుగు రెట్లకు పైగా పెరిగింది. చేపలు నిండుగా, నీళ్లు శుభ్రంగా ఉన్న దిబ్బకు దెబ్బ తగిలాక మళ్లీ నిలబడే అవకాశం ఎక్కువ. కర్బన ఉద్గారాలు తగ్గేలోపు చేతిలో మిగిలి ఉండాల్సింది అలాంటి దిబ్బలే.

రాసుకోండి, మళ్లీ వెళ్లండి

ఒడ్డుకు రాగానే, తడి ఆరకముందే రాయండి. తేదీ, సమయం, చోటు, లోతు సుమారుగా, నీళ్ల ఉష్ణోగ్రత తెలిస్తే అది, ఎన్ని పగడాలు చూశారో, ఒక్కోదానికి కార్డు మీద ఏ రెండు అంకెలొచ్చాయో. ఏమీ ప్రత్యేకంగా లేకపోతే 'అంతా మామూలే' అని కూడా రాయాలి. రేపు ఏదైనా జరిగినప్పుడు పోల్చుకోవడానికి ఆ మామూలు రోజుల లెక్కే కావాలి. కోరల్‌వాచ్ వాళ్ల సైట్‌లో ఎవరైనా తమ అంకెలు చేర్చవచ్చు. ఇంకొంచెం లోతుగా చేయాలనుకుంటే 1996లో మొదలైన రీఫ్ చెక్ అనే సంస్థ వాళ్ల దగ్గర శిక్షణ తీసుకుని, టేపు పరిచి చేపల్నీ పగడాల్నీ లెక్కపెట్టే పద్ధతి నేర్చుకోవచ్చు.

సులువుగా గుర్తుపట్టగల పగడం ఒకటి ఎంచుకోండి. నాలుగు పక్కల నుంచీ ఫొటో తీసి, పడవ కట్టే చోటు నుంచి దానికి దారి రాసుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు వీలైతే అదే నెలలో, పగటి పూట అదే వేళకు చూడండి. ఎందుకంటే పగడం రంగు కాలాన్ని బట్టి కూడా కొంత మారుతుంది. అది చనిపోయి కనిపిస్తే ఆ ఫొటో కూడా తీయండి, మానేయకండి. చచ్చిన అస్థిపంజరం మీద, నీడలో, సందుల్లో నాణెమంత కొత్త పగడాలు పుట్టుకొచ్చాయేమో వెతకండి. చదరపు మీటరులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ అంకె కూడా మిగతావాటి పక్కనే రాయండి.